శుక్రవారం నూనె

పోయిన వారం కథను ఒక ఫోన్ కాల్ దగ్గర వదిలాను. "సుంకప్పా, నువ్వు పూచీ పడిన రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తాండాది. ఆ పిల్లను పిల్చుకోని బిరీన రా" అని బయమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమె ఇంటికి బయలుదేరేముందు మన చేతిలో ఏముందో, అందులో ఏది పోయేలా ఉందో ఒకసారి చూసుకుందాం. నిల్వ సరుకు చూసుకోకుండా కొట్టు తలుపు తీసే అలవాటు నాకు లేదు.

రాయదుర్గంలో నాది ఫర్నిచర్ కొట్టు. చెక్కపొట్టు బోర్డు మీద మైకా అంటించిన బీరువాలు, షోకేసులు, మంచాలు అమ్ముతాను. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు మా నాయన కాలం నుంచి గల్లాపెట్టె పైన వేలాడుతోంది. నేను అమ్మిన వస్తువుకే నేను ఏనాడూ పూచీ పడలేదు. అలాంటివాణ్ణి మా కొట్టు వెనక సందులో ఉండే సుల్తానా వేసే రంగుకు పూచీ పడ్డాను. జనం విసిగిపోయిన పాత మైకా సామాను మీద ఇంట్లోనే రంగు వేసి, ఇది అదేనా అనిపించేలా చేస్తుంది ఆ పిల్ల. మొదట్లో ఆమె పని నా వ్యాపారానికి నష్టం అనుకున్నాను. తర్వాత ఆమె పని చూశాను. మంచి పనిని చూసి కూడా చూడనట్టు ఉంటే అది అంతకన్నా పెద్ద నష్టమని తేలింది.

ఇక ఆమె వైపు లెక్క. భర్త సర్ఫరాజ్ జీన్స్ ప్యాంట్లు కుట్టే దర్జీ. ఊళ్ళో ఆ పని సన్నగిల్లింది. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలో మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ పని ఉందని తెలిసినప్పటి నుంచి అత్త రసూల్‌బీ మూటలు కడదామంటోంది. ఆమెను తప్పుపట్టలేం. ఆకలి చూసిన మనిషి. సుల్తానా ఆమెతో ఒక ఒప్పందం చేసుకుంది. బయమ్మ ఇంటి పని నిలిస్తే ఇక్కడే ఉంటారు. నిలవకపోతే తాను నోరెత్తకుండా బెంగళూరు బండెక్కుతుంది. ఎందుకంటే బయమ్మ మెచ్చిన వస్తువును గుమ్మఘట్ట చుట్టుపక్కల ఊళ్ళన్నీ మెచ్చుతాయి, ఆమె తిట్టినదాన్ని ఎవరూ గడప తొక్కనివ్వరు.

అంటే పోయేవి రెండు. నా మాట, సుల్తానా ఊరు. బరువు దేనిదో చెప్పనక్కర్లేదు.

ట్రాలీ ఆటోలో ఇద్దరం బయలుదేరాం. ఆషాఢం గాలి ఎర్రమట్టిని లేపి మొహాన కొడుతోంది. గుట్టల మీద గాలిమరలు ఆగకుండా తిరుగుతున్నాయి. సుల్తానా తన రంగుల సంచిని ఒళ్ళో పెట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని కూర్చుంది.

"డబ్బాలోనే దోషముందని చెప్పేద్దాం పాపా. రంగు కంపెనీ మీదికి తోసేస్తే ఎవురూ ఏమీ అనరు" అన్నాను.

"డబ్బాకు నోరు లేదని దాని మీదికి తోస్తావా అన్నా? ముందు తలుపును సూడనీ. అదే చెప్తాది" అంది.

బయమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. నిండైన మనిషి. నడుముకు తాళంచెవుల గుత్తి. ఆ ఇంట్లో చేను కౌలు నుంచి పాల లెక్క వరకు ఆ గుత్తి చప్పుడును బట్టే నడుస్తుంది. ఆమె వెనక కోడలు సుష్మ. ముదురు గోధుమ రంగు సామానుతో గదంతా చీకటిగా ఉందని, లేత పిస్తా రంగు వేయిద్దామని పట్టుబట్టింది ఆ అమ్మాయే. అప్పుడు బయమ్మ, "పోనీలే, చేనులో లేని పచ్చదనం బీరువా మీదన్నా ఉంటాది" అని ఒప్పుకుంది.

"రాప్పా పూచీదారుడా! నీ బోర్డు తెచ్చినావా, ఈడ తగిలిచ్చుకోను?" అంది నన్ను చూడగానే.

"బోర్డు కొట్లోనే ఉండాదక్కా. నేను మాత్రం వచ్చినా."

"ఊ. లోపలికి వచ్చి సూడు మీ సంబడం."

బీరువా లోపలి గదిలో, తూర్పు గోడకు ఉంది. కుడి తలుపంతా నిలువుటద్దం. ఎడమ తలుపు పూర్తిగా మైకా. కింద రెండు సొరుగులు. మిగతా సామాను, అంటే డ్రెస్సింగ్ టేబుల్, మంచం తలాపు, షోకేసు, సుల్తానా తన ఇంటికి తెప్పించుకుని రంగు వేసింది. బీరువాను మాత్రం ఈ గదిలోనే వేయాల్సి వచ్చింది. బంగారం పెట్టే బీరువా గడప దాటితే లక్ష్మి దాటినట్టేనని బయమ్మ ఖండితంగా చెప్పింది కనక.

ఆమె గుత్తిలోంచి ఒక తాళంచెవి ఎంచి ఎడమ తలుపు మీద గీసింది. నా గుండె మీద గీసినట్టే ఉంది. వేయించిన వేరుశనగ గింజ మీది పొట్టులాగా రంగు చుట్టుకుని లేచి వచ్చింది. కింద పాత గోధుమ రంగు నున్నగా బయటపడింది.

"గోటితో గీకినా వస్తాండాది. ఇదేనా నువ్వు చెప్పిన పని? పొద్దున పాలు పోసే రామక్క సూసి నవ్వుకుంటా పోయింది. ఈ పొద్దుకు ఊరంతా తెలిసింటాది."

నేనైతే అప్పటికే వంద మాటలు చెప్పి ఉండేవాణ్ణి. సుల్తానా తలుపు ముందు గొంతుక్కూర్చుంది. లేచిన పెచ్చును చూసింది, లేవని చోటును చూసింది. తర్వాత చెయ్యి చాచింది.

"పెద్దమ్మా, ఆ తాళంచెవి ఒక్కసారి ఇస్తారా?"

"ఇంకా గీకుతావా?"

"ఊ. మీకన్నా గట్టిగా గీకుతా."

సొరుగు మీద బలమంతా పెట్టి గీసింది. పళ్ళు పులిసేలా కీచుమంది. రంగు మీద ఇనుము గీత మాత్రం పడింది. కొంగుతో తుడిస్తే అదీ పోయింది. బీరువా పక్క వైపు గీసింది, ఊడలేదు. అద్దం చుట్టూ ఉన్న పట్టీ మీద గీసింది, ఊడలేదు. ఆ తర్వాత లేచి వెళ్ళి డ్రెస్సింగ్ టేబుల్ కాలు మీద కూడా గీసింది. అడగకుండానే తన పనినంతా బోనులో నిలబెట్టింది ఆ పిల్ల. నా కొట్లో ఏ వస్తువు మీదైనా అలా తాళంచెవి పెట్టే ధైర్యం నాకు లేదు. ఆ మాట నిజంగా చెబుతున్నాను.

ఒక్క ఎడమ తలుపే ఊడుతోంది.

ఆమె ఒక పెచ్చును తిప్పి వెనక వైపు వాసన చూసింది. సుష్మను అడిగి పాత పేపరు ముక్క తెప్పించి, ఆ పెచ్చును మడతలో పెట్టి బొటనవేలితో అదిమింది. తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కాగితం మీద చిన్న మచ్చ, అవతలి వెలుతురు కనిపించేంత పలచగా.

నా ముక్కుకు కూడా అందింది. ఈ సీమలో పుట్టినవాడెవడూ ఆ వాసనను పొరబడడు. గానుగలో ఆడించిన వేరుశనగ నూనె.

'ఎవరో నూనె పూసినారు!' అని అరవబోయాను. సుల్తానా తల తిప్పకుండానే, "గమ్మునుండన్నా" అంది చిన్నగా. తర్వాత బయమ్మ వైపు తిరిగి, పక్కింటావిడను పిండివంట అడిగినంత మామూలుగా అడిగింది.

"పెద్దమ్మా, శుక్రవారం ఈ బీరువాకు ఏం చేస్తారు?"

బయమ్మ మొహంలో కోపం కాస్త వెనక్కి తగ్గి పెద్దరికం ముందుకొచ్చింది. "ఏం చేస్తామంటే? మా అత్త నేర్పిన పద్ధతే. తలుపును తడిబట్టతో తుడ్సేది, పసుపు పెట్టేది, కుంకుమ పెట్టేది. ఆ పైన మెత్తటి గుడ్డకు శనక్కాయ నూనె అద్ది తలుపంతా తుడ్సేది. మొగం కనపడాల అట్ల మెరుస్తాది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క శుక్రవారం తప్పలే."

"పోయిన నెల నేను పని చేస్తాన్నప్పుడు కూడానా?"

"ఎందుకు తప్పుతాది? నువ్వు ఆ బేస్తవారం నాడు ఉప్పు కాగితం పెట్టి రుద్ది రుద్ది తలుపుకు బూడిద పూసినట్ల చేసి పోయినావు. మరుసటి దినం వస్తావేమో అనుకుంటే రాలే. లక్ష్మి ఉండే తలుపు శుక్రవారం నాడు అంత కళ లేకుండా ఉంటే మనసొప్పుతాదా? మామూలుకన్నా రెండింతల నూనె పెట్టి..."

అక్కడ ఆగిపోయింది.

సుష్మ నేల వైపు చూస్తూ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, అత్త కంట పడకుండా ఉండడానికో నాకు తెలియలేదు. జరిగింది మాత్రం నలుగురికీ తేటతెల్లమైంది. మైకా అంటే గాజులాంటిది, రంగును తాగదు. అందుకే సుల్తానా మొదట సోడాతో జిడ్డు కడిగి, తర్వాత ఉప్పు కాగితంతో, అంటే గరుకు కాగితంతో, మెరుపు పోయేదాకా రుద్దుతుంది. ఆ గరుకును పట్టుకునే ప్రైమరు నిలుస్తుంది, ప్రైమరును పట్టుకుని రంగు నిలుస్తుంది. ఆ గురువారం సాయంత్రం రుద్దడం అయిపోయాక దుమ్ముగాలి లేచింది. తడి ప్రైమరుకు మట్టి అంటుతుందని ఆపేసింది. మరునాడు జుమ్మా, శుక్రవారం ఆమె పని ముట్టదు. శనివారం తెల్లవారుజామున గాలి లేవకముందే వచ్చి ప్రైమరు పూసింది. ఆ మధ్యలో, తన శుక్రవారాన్ని బయమ్మ వదులుకోలేదు. ఇద్దరూ తమ తమ దేవుడికి బాకీ పడకుండా చూసుకున్నారు. నష్టం తలుపుకు వచ్చింది.

ఇప్పుడు నా మనసులో నడిచిన లెక్క చెబుతాను. గెలుపు సుల్తానా చేతికి వచ్చేసింది. 'చూశావా పెద్దమ్మా, నీ నూనె వల్లే' అని ఒక్క మాట అంటే చాలు, ఆమె పని పరువు నిలుస్తుంది, నా పూచీ నిలుస్తుంది. నేనైతే ఆ మాటను అప్పుడే వాడేసేవాణ్ణి. కానీ కోడలి ముందు తలవంచుకున్న అత్త, ఆ తలవంపును గుర్తుచేసే బీరువాను ఇంట్లో ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? వాదన గెలిచి బేరం పోగొట్టుకున్నవాళ్ళను నా కొట్లో రోజూ చూస్తుంటాను.

"తప్పు నాది పెద్దమ్మా" అంది సుల్తానా.

బయమ్మ కళ్ళు చిట్లించింది. "నా మొగం నిలబెట్టల్లని చెప్తాండావా?"

"ల్యా. ఉన్నదే చెప్తాండా. శనివారం ప్రైమరు పూసే ముందర ఒక్కసారి అరచెయ్యి పెట్టి తడిమింటే తెలిసిపోయేది. చీకట్లో వచ్చినా, గాలి లేస్తాదని తొందరపడినా. నా శుక్రవారం నాకు గుర్తుండాది, మీ శుక్రవారం ఏందని నేను అడగలే. పని నాది కదా, అడగాల్సింది నేనే."

ఆ మాటలో నటన లేదు. నటన అయితే నాకు తెలిసిపోతుంది, నా పొట్ట గడిచేదే దాని మీద. ఆమె తన వంతు తప్పును సరిగ్గా తన వంతు వరకే తూచి పక్కన పెట్టింది, ఎక్కువా తక్కువా లేకుండా. మిగతాది ఎవరిదో వాళ్ళకే వదిలేసింది.

"సరే. నీది సగం, నాది సగం" అంది బయమ్మ చివరికి. తర్వాత వెంటనే, అంత దిగివచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు, "కానీ రేపు మళ్ళీ శుక్రవారం. ఏం చేద్దాం? పద్ధతి వదలమంటావా?" అంది.

"వదలొద్దు. పసుపు కుంకుమ అద్దం తలుపుకు పెట్టుకోండి, దానికి నేనేమీ చేసేది లేదు. ఈ తలుపును ఈ పొద్దే కడిగి మళ్ళా మొదలుపెడతా. పూతలన్నీ అయ్యి రంగు బాగా గట్టిపడినంక మీ నూనె మీరు తుడ్సుకోవచ్చు. పైన నూనె ఏమీ చెయ్యదు పెద్దమ్మా. కింద నూనె ఉంటేనే కొంప మునుగుతాది."

సుష్మ మొదటిసారి నోరు తెరిచింది. "అత్తా, తలుపు ఊడదీసి వసారాలో పెట్టిద్దాం. గడప అయితే దాటదు కదా."

"నువ్వు మాట్లాడద్దు, ఈ పచ్చ రంగు పిచ్చి నీదే" అని, "ఊడదీయండి" అంది బయమ్మ అదే ఊపిరిలో. "నా ఎదురుగా చెయ్యాల. ఈసారి ఊడితే సుంకప్ప కొట్టు ముందర చాప ఏసుకోని కూచుంటా."

"కూచోక్కా. నీడపట్టున నేనే ఏస్తా చాప" అన్నాను.

బంగారం ఉన్న అరకు బయమ్మ చీర కొంగు అడ్డం కప్పి పట్టుకుంటే, నేను బందుల స్క్రూలు విప్పాను. తలుపును వసారాలో రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాం. సుల్తానా గుమ్మానికి తడి చీర కట్టింది, వచ్చే దుమ్ము దానికే అంటుకోవాలని. చెడిన రంగునంతా గీకి తీసేసింది. సోడా నీళ్ళతో కడిగింది. కడిగిన తర్వాత ఆమె ఫిల్టరు నీళ్ళ క్యాను అడిగేసరికి బయమ్మకు మళ్ళీ మండింది.

"తాగే నీళ్ళతో బీరువాకు స్నానమా! బోరు నీళ్ళకు ఏమొచ్చింది?"

"బోరు నీళ్ళు ఆరితే తెల్లగా ఉప్పు నిలుస్తాది పెద్దమ్మా. మీ చెంబులకు పట్టదా? అదే. ఆ ఉప్పు మీద రంగు పడితే మళ్ళా మనం నలుగురం ఈడే కూచోవాల."

"ఇవన్నీ యాడ నేర్చినావు మే?"

"ఫోన్లో సూసినా. ఫోన్లో చెప్పేవాళ్ళ గాలి వేరే, నీళ్ళు వేరే. అట్లే చేస్తే మా ఇంట్లో బల్ల పాడైపోయింది, షోకేసు పాడైపోయింది. మా అత్త తిట్టిన తిట్లే నాకు చదువు."

బయమ్మ పెద్దగా నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినడం నాకు కొత్త.

మా సీమలో నీళ్ళకు కరువు గాని ఆరడానికి కరువు లేదు. మేము టీ తాగేలోగా తలుపు పొడిబారింది. సుల్తానా ఉప్పు కాగితం చెక్కముక్కకు చుట్టి రుద్దడం మొదలుపెట్టింది. మొదట జారుతున్న చప్పుడు. కాసేపటికి అది మెత్తబడి, జొన్నపిండి జల్లించినట్టు మారింది. "మెరుపు చావాల, మైకా చావకూడదు" అంటూ అంచుల దగ్గర చెయ్యి తేలిక చేసింది. చూస్తూ చూస్తూ బయమ్మ ఒక ముక్క తీసుకుని తానూ కూర్చుంది. గాజులు వెనక్కి తోసుకుని, తాళంచెవుల గుత్తిని తీసి పక్కన పెట్టి మరీ రుద్దింది. ఆ గుత్తి ఆమె నడుము మీద లేకపోవడం చూసి సుష్మ నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది.

పొడి తుడిచాక సుల్తానా బయమ్మ చేతిని పట్టుకుని తలుపు మీద పెట్టింది. "తడిమి సూడండి. ఇప్పుడు మీరే చెప్పాల, పూయొచ్చునా లేదా."

బయమ్మ కళ్ళు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచెయ్యి జరిపింది. "పూయి" అంది.

ఆ ఒక్క మాటతో ఆ తలుపుకు బయమ్మ కూడా పూచీ పడినట్టయింది. సుల్తానా కావాలని చేసిందో, తెలియక చేసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఎలా చేసినా, నా కొట్లో ఇన్నేళ్ళుగా ఏ కొనుగోలుదారుడినీ నేను అలా నా పక్కన నిలబెట్టుకోలేకపోయాను.

ప్రైమరు డబ్బా కలిపి, రోలరు ముంచి, పైఅంచు నుంచి మొదలుపెట్టింది. "ఇంక నాతో ఎవురూ మాట్లాడొద్దండి. ఈ గాలికి అంచు ఇట్లే ఆరిపోతాది. నడుమ ఆగితే గీత పడతాది. ఆ గీత పైన ఎన్ని పూతలు పూసినా కనపడతానే ఉంటాది." రోలరు ఆమె చేతిలో నిదానంగా, ఒకే బరువుతో, తడి అంచును వెంటబెట్టుకుని కిందికి దిగుతూ వచ్చింది.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది.

మోగి ఆగింది. మళ్ళీ మోగింది. సుష్మ చూసి, "మీ అత్తగారు" అని స్పీకరులో పెట్టింది.

"సుల్తానా, యాడుండావు? తలుపు రంగు ఊడిపోయిందంట కదమ్మా, పాలామె చెప్పిందని సందంతా అంటాండారు." రసూల్‌బీ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చెప్పిన మాట నీదే. టెంపో వచ్చి నిలబడుండాది. సర్ఫరాజ్ మూటలు ఎక్కిస్తాండాడు. నీ డబ్బాలూ బ్రష్షులూ పక్కింటోళ్ళు అడుగుతాండారు, ఇచ్చేస్తాండా. ఆడ ఎవురు మోసేది?"

రోలరు ఆగలేదు. సుల్తానా నుదుటి చెమట కంటి మీదుగా జారుతుంటే, తలుపు మీద పడకుండా తల మాత్రం పక్కకు తిప్పుకుంది. "అత్తా, ఈ ఒక్క పూత..."

"పూతతో పొట్ట నిండదు తల్లీ. బండివాడు నిలబడడు."

వేసిన అంచు ఆరకముందే ఇంటికి పరుగెత్తితే ఈ తలుపు పోతుంది. పూర్తిచేసి వెళితే అక్కడ ఇల్లు ఖాళీ. నా లెక్కల్లో దీనికి మూడో దారి లేదు. నేను నోరు తెరిచేలోపు బయమ్మ, మైకా పొడి అంటిన చెయ్యి చాచి సుష్మ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"రసూల్‌బీ, నేను గుమ్మఘట్ట బయమ్మను మాట్లాడేది. మూటలు ఎక్కిస్తాండారు కదా, ఎక్కియ్యండి. దించొద్దండి. ఆ డబ్బాలు కూడా ఎవురికీ ఇయ్యకుండా బండిలోనే పెట్టు. బెంగళూరు తిక్కు కాదు, బండిని నేరుగా మా ఇంటికి తిప్పమను. ఈడ ఉండేదానికి చోటుండాది, చేసేదానికి పనుండాది."

తలుపు నడుమ సుల్తానా చేతిలో రోలరు ఆగిపోయింది.

"చెయ్యి ఆపద్దు మే," అంది బయమ్మ ఫోన్ దించకుండానే, "గీత పడతాది."